రోళ్ళు పగిలే ఎండలో రెక్కలు

వసంతాన్ని పొగిడినవాళ్ళు కోకొల్లలు. వానను కీర్తించడానికి కవులు ఎప్పుడూ సిద్ధమే. మే నెల ఎండను నోరారా పొగిడినవాళ్ళు మాత్రం నాకు పెద్దగా తారసపడలేదు. కృత్తిక కార్తె దాటి రోహిణి వచ్చేసరికి ఊళ్ళన్నీ తలుపులు బిడాయించుకుంటాయి. తిరుపతి వీధుల్లో తారు మెత్తబడుతుంది. ఎవరిని కదిపినా ఒకటే మాట, ఎప్పుడు చల్లబడుతుందో అని. సరిగ్గా ఆ రోజుల్లోనే నా మనసు శేషాచలం కొండల వైపు లాగుతుంది.

వేసవీ, నీకు నమస్కారం. పిట్టలు గూళ్ళు కట్టే కాలం నువ్వు. ఆకుల చాటున దాగినవాటిని ఆకు రాల్చి చూపించే కాలం నువ్వు. ఏరు సన్నబడి, మడుగులుగా విడిపోయి, చివరికి తడి ఇసకగా మిగిలినప్పుడు, రెక్కలున్న ప్రాణులన్నిటినీ ఆ కాస్త తడి చుట్టూ చేర్చేది నువ్వే. వానాకాలంలో అడవి అంతా నీరే, ఏ ప్రాణి ఎక్కడ తాగుతుందో ఎవరికి తెలుసు? ఇప్పుడైతే తడి ఎక్కడుంటే అక్కడే వెతుక్కోవచ్చు.

నేను చెప్పే నడక చాలా చిన్నది. తిరుపతి నుంచి భాకరాపేట ఘాటు దాటి, నెరబైలు మీదుగా వెళ్తే తలకోన. కొండ పాదాన సిద్ధేశ్వరస్వామి గుడి. గుడి నుంచి జలపాతం దాకా మహా అయితే రెండు కిలోమీటర్ల దారి. శివరాత్రికి వచ్చే జనం పిల్లల్ని చంకనెత్తుకుని అరగంటలో ఎక్కేస్తారు. పైన 270 అడుగుల ఎత్తు నుంచి నీళ్ళు దూకుతాయి, మే నెలలో అయితే దారం పోగులా రాలుతాయి. ఈ చోటు 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలోది. 2010లో కొండల వరస మొత్తాన్నీ శేషాచలం బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. ఇంత పెద్ద అడవిలో నాకు కావలసింది ఆ రెండు కిలోమీటర్లే. అరగంట దారికి ఒక పూట పట్టాలి. పట్టకపోతే మనం ఏదో చూడకుండా దాటేసినట్టే లెక్క.

అడవి మొదలుకాక ముందే మొదటి దర్శనం. ఎండిపోయిన కుంట, నెర్రెలిచ్చిన మట్టి, గులకరాళ్ళు. నా తల మీద ఒక తీతువు గిరగిరా తిరుగుతూ ఒకటే అరుపు. పసుపుపచ్చ కాళ్ళు, ముక్కు దగ్గర ఎర్రటి చర్మం, నల్లటి గొంతు. దీని అరుపు వినిపిస్తే కీడని మన ఊళ్ళలో ఎంత భయం! మేకలు తోలుకొచ్చిన ఒక అవ్వ నన్ను చూసి ఆగింది.

"ఏం నాయనా, తెల్లారేసరికే ఈడ నిలబడుకోని ఏం చూస్తా ఉండావు?"

"తీతువును చూస్తా ఉండానవ్వా."

"దాన్ని చూసేదేముంది? గుడ్లు పెట్టుకోనుండాది పాపం, అందుకే అరిచి సస్తా ఉండాది. నువ్వు ఇట్ల పక్కకి రా, అది పోయి కూసుంటాది."

పక్కకు వచ్చాను. అది దిగింది, నాలుగడుగులు పరుగెత్తి ఆగింది, మళ్ళీ పరుగెత్తింది, రాళ్ళ మధ్య కూర్చుంది. గుడ్లు ఎక్కడున్నాయో నాకు చివరిదాకా కనబడలేదు. మట్టిరంగులో నల్లమచ్చల గుడ్లు, మామూలుగా నాలుగు, గూడనే మాటే లేకుండా ఆరుబయట నేల మీద. ఆ నేల మధ్యాహ్నానికి పెనమవుతుంది. అందుకని తల్లీ తండ్రీ వంతులేసుకుని నీళ్ళకు పోయి, పొట్ట కింది ఈకలు తడుపుకుని, ఆ తడితో వచ్చి గుడ్ల మీద వాలతాయి. వేరే పిట్టలు గుడ్లను వెచ్చబెట్టడానికి పొదిగితే, ఇది చల్లబరచడానికి కూడా పొదుగుతుంది. తీతువా, నీ అరుపులో మాకు చావు వినిపించింది ఇన్నాళ్ళూ. ఆ అవ్వకు మాత్రం పురిటింటి గోల వినిపించింది. ఆమె చెవికి కూడా నా దండం.

గుడి దాటగానే చెట్లు దగ్గరపడతాయి. ఏటి ఒడ్డున మద్దిచెట్లు, కానుగలు, వెదురు పొదలు, మేడి. దారికి అడ్డంగా, చెట్టు మీంచి చెట్టు మీదికి పాకిన గిల్లతీగ, దాని కాండం మనిషి నడుమంత. బయట ఊరు కాలిపోతున్నా ఈ కోనలో మాత్రం తెల్లవారుజామున చెమ్మ ఉంటుంది. ఇక్కడ నడిచేటప్పుడు కళ్ళకన్నా ముందు చెవులకు పని. లోయ అవతల అడవికోడి పుంజు కూస్తుంది, ఊరి పుంజు కూతను మధ్యలో తెంపినట్టు. జెముడుకాకి పొదలో కూర్చుని లోతుగా ఊదుతుంది. కంసాలి పిట్ట టుక్కు టుక్కుమంటూ మొదలుపెట్టిందంటే ఇక ఆపదు, ఎండ ముదిరేకొద్దీ దానికి హుషారు. కోయిల సంగతి చెప్పనక్కర్లేదు. అరిచేది నల్లటి మగది, పని కానిచ్చేది మచ్చల ఆడది, కాకి గూట్లో గుడ్డు పెట్టి జారుకుంటుంది. వీటన్నిటి మీదుగా హాక్ కుకూ గొంతు. మూడు స్వరాల కేక, ప్రతిసారీ ఒక మెట్టు పైకి, ఇంకో మెట్టు పైకి. ఇక గొంతు చిరిగిపోతుందేమో అని మనం ఊపిరి బిగబట్టినప్పుడు టక్కున ఆగుతుంది. కాసేపటికి మళ్ళీ మొదటి మెట్టు నుంచి. ఇంగ్లిషువాళ్ళు దీన్ని పిచ్చి జ్వరం పుట్టించే పిట్ట అన్నారు. నాకైతే వాన కోసం ఒక గొంతు అంత మొండిగా అడుగుతుంటే చేతులు జోడించాలనిపిస్తుంది.

ఇప్పుడు తోకపిగిలిపిట్ట గురించి చెప్పాలి. ఇక్కడ నేను తొందరపడలేను.

ఏరు మలుపు తిరిగే చోట, మడుగు మీదికి వంగిన సన్నటి కొమ్మ. కొమ్మ చీలిన చోట గూడు. పిడికిలిలో పట్టేంత. సన్న గడ్డి, నార పీచు, వాటన్నిటినీ బిగించి కట్టిన సాలెపట్టు. అందులో కూర్చున్నది మగపక్షి. నల్లటి తల, తల మీద కొసదేరిన కుచ్చు, కంటి చుట్టూ నీలిరంగు వలయం, మిగతా ఒళ్ళంతా తెలుపు. తోకలోంచి రెండు ఈకలు, ఒళ్ళుకన్నా పొడవుగా, గూటి అంచు మీంచి కిందికి వేలాడుతున్నాయి. గాలి వీస్తే అవి మెల్లగా ఊగుతున్నాయి, పక్షి కదలడం లేదు. అంత సొగసు ఉన్నవాడు, ఏ గద్ద కంటైనా పడేంత తెల్లగా ఉన్నవాడు, గుడ్ల మీద కూర్చుని తన వంతు పొదుగుతున్నాడు. కాసేపటికి ఆడది వచ్చింది. ఇటుకరంగు వీపు, పొట్టి తోక. చిన్నగా ఒక గరగర శబ్దం. అతను లేచాడు, ఆమె కూర్చుంది. ఆ లేవడం చూడాలి. ఆ రెండు ఈకలు గూటి అంచును మెల్లగా రాసుకుంటూ పైకి లేచి, గాలిలో ఒక అల గీసి, మడుగు నీటిని తాకీ తాకకుండా పోయి, అవతల నీడలో ఆగాయి. చిన్న వయసులో మగవి కూడా ఇటుకరంగులోనే ఉంటాయి, పొడవు తోక వచ్చాక కూడా. ఆ తెలుపు వయసుతో వచ్చేది.

తెల్లటి తోకవాడా, నీ ముందు నేను ఎక్కువసేపు నిలబడలేదు, నిలబడకూడదు. గూటి దగ్గర మనిషి తచ్చాడితే కాకి చూస్తుంది, కోతి చూస్తుంది. ఫొటో కోసం కొమ్మలు విరిచి గూటిని బయటపెట్టేవాళ్ళను చూశాను, గుండె మండింది. నిన్ను ప్రేమించడమంటే త్వరగా కదిలిపోవడమే.

పక్కనే మేడిచెట్టు. పండ్లు ఎర్రబడ్డాయి. చిలుకలు, గోరింకలు, పిగిలిపిట్టలు, ఒకదానినొకటి నెట్టుకుంటూ. నేల మీద రాలిన పండ్ల కోసం ఇంకో గుంపు. దానిమీద ఇక చెప్పేదేమీ లేదు, తింటున్నవాళ్ళను తిననివ్వడమే మర్యాద.

ఏరు వదిలి కాస్త పైకి, బండల వైపు చూస్తే వేరే లోకం. నల్లటి రాళ్ళు, ముళ్ళకంపలు, అక్కడక్కడ ఎర్రచందనం చెట్లు. ఆ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలో, ఈ కడప, చిత్తూరు కొండల చుట్టుపక్కలే. గొడ్డళ్ళకు దొరక్కుండా మిగిలినవాటి బెరడు మొసలి వీపులా పగిలి ఉంటుంది. ఆ బండల మీద ఒక పిగిలిపిట్ట ఉంది. ఊళ్ళో కనబడే పిగిలి కాదు. ఒళ్ళు బూడిదరంగు, తల, గొంతు నిమ్మపండు పసుపు. సిగ్గరి. కూత వినిపించి, మనం తల తిప్పేలోగా బండ వెనక్కి మాయం. దక్షిణాదిలో ఇలాంటి రాతి కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ముప్పున్న జాతుల్లో దీన్ని చేర్చారు. నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన జెర్డన్ 1840లలో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1862–64 మధ్య వెలువడిన తన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో పక్షులకు తెలుగు పేర్లు కూడా రాసిపెట్టినవాడు ఆయన. కలివికోడి అనే పక్షిని మొదట లోకానికి చూపిందీ ఆయనే. 1900 తరవాత దాని జాడ లేక, అంతరించిందని అందరూ అనుకున్నాక, 1986లో కడప జిల్లా పొదల్లో అది మళ్ళీ కనబడింది. అందుకే ఈ కొండల్లో ఏ పొదనూ నేను ఖాళీ పొద అనుకోను. కలివి పండ్లు నల్లబడి ఉన్నాయి, రెండు కోసుకుని నోట్లో వేసుకున్నాను. పాలు పెదవులకు అంటుకున్నాయి. పులుపు, వెనకే తీపి.

ఎనిమిది దాటితే సీతాకోకచిలకల పూట. పిట్టలకు చల్లదనం కావాలి, వీటికి ఎండ కావాలి. రెక్కలు కాగితే గానీ లేవలేవు. పొద్దున్నే ఆకుల మీద రెక్కలు విప్పి, సూర్యుడికి ఎదురుగా ఒరిగి కూర్చుంటాయి. కాగాక ఒక్కొక్కటీ గాలిలోకి లేస్తాయి. విరగబూసిన రేల చెట్టు చుట్టూ లేత పసుపు ఎమిగ్రెంట్లు. వాటి ఆడవి ఆ రేల చిగుళ్ళ మీదే గుడ్లు పెడతాయి. చెట్టు కూడా పసుపే, ఎగిరేది పూవో రెక్కో తేల్చుకోవడం కష్టం.

మడుగు ఎండి మిగిలిన తడి ఇసక దగ్గరికి వచ్చాను. పెళ్ళి పంక్తి వేసినట్టు కూర్చుని ఉన్నాయి. ఎమిగ్రెంట్లు ఒక బంతి, పచ్చటి మచ్చల కామన్ జేలు ఒక బంతి, వేసవిలోనే ఎక్కువగా కనబడే చారల స్వోర్డ్‌టెయిళ్ళు ఇంకో బంతి, ఎవరి కులం వాళ్ళకు ఆనుకుని. నేను బోర్లా పడుకుని మోచేతుల మీద జరుగుతూ దగ్గరికి పోయాను. ఇసక అప్పటికే కాలుతోంది. జానెడు దూరంలో ఒక కామన్ జే. మూసిన రెక్కలు సన్నగా వణుకుతున్నాయి, నిలకడగా ఒక్క క్షణం లేవు. నల్లటి సన్నటి తొండం ఇసక రేణువుల మధ్య గుచ్చి, తీసి, వెంట్రుక వాసి పక్కన మళ్ళీ గుచ్చి. అది తాగుతున్నంతసేపూ ఒంటి చివర నుంచి ఒక నీటిబొట్టు ఉబ్బి, నిలిచి, జారి పడుతోంది. వెంటనే ఇంకో బొట్టు. ఇంకోటి. ముందునుంచి తోడుతోంది, వెనకనుంచి వదిలేస్తోంది. దానికి కావలసింది నీరు కాదు, నీటిలో కరిగిన ఉప్పు. పూలతేనెలో చక్కెర ఉంది గానీ ఉప్పు లేదు. అందుకని చెమ్మ నేలను ఇలా గంటలకొద్దీ వడగడుతుంది.

ఇలా కూర్చునేవి దాదాపు అన్నీ మగవే. కూడబెట్టిన ఉప్పును జతకూడేటప్పుడు ఆడదానికి ఇస్తాయి, ఆమె దాన్ని గుడ్లకు ఇస్తుంది. ఏ కొండరాయి నుంచో కరిగి, ఏ జింక మూత్రం నుంచో ఇంకి, ఈ ఇసకలో చేరిన పిసరంత ఉప్పు రేపు రేల చిగురు మీద ఆవగింజకన్నా చిన్న గుడ్డులో ఉంటుంది. నా నుదుటి చెమట ఒక బొట్టు ఇసక మీద పడింది. స్వోర్డ్‌టెయిల్ ఒకటి తోక ఈడ్చుకుంటూ నడిచి వచ్చి దాని మీద తొండం పెట్టింది. నా ఒంటి ఉప్పు కూడా ఈ అడవి పిల్లలకు పనికొచ్చింది. ఇంతకన్నా పెద్ద సత్కారం నాకు ఎవరూ చేయలేదు.

నలుపు మీద తెల్ల పట్టీలు, వెనక రెక్కల మీద ఎర్రటి చుక్కలు, రక్తం రంగు ఒళ్ళు. క్రిమ్‌సన్ రోజ్ వచ్చింది. దీనికి తొందర లేదు. తీరిగ్గా, నడుమెత్తులో, ఎవరికీ భయపడకుండా ఎగురుతుంది. గొంగళిగా ఉన్నప్పుడు ఈశ్వరి తీగ, గాడిదగడపాకు మేసి వాటి విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. దాన్ని ఒకసారి నోట పెట్టిన పిట్ట మళ్ళీ పెట్టదు. ఆ ఎరుపు దాని ముందస్తు హెచ్చరిక. దాని వెనకే అచ్చం అలాంటిదే ఇంకొకటి, కానీ ఒళ్ళు నలుపు. అది కామన్ మార్మన్ ఆడది. విషం లేదు, వేషం ఉంది. ఈ జాతి ఆడవాటిలో కొన్ని మగదానిలాగే ఉంటాయి, కొన్ని కామన్ రోజ్ వేషం వేస్తాయి, కొన్ని క్రిమ్‌సన్ రోజ్ వేషం. పిట్టల జ్ఞాపకాన్నే గొడుగుగా పట్టుకుని బతుకుతాయి. ఎన్ని వేల తరాల పిట్టలు తిని ఉమ్మేసి నేర్చుకుంటే ఈ రెక్కల మీద ఈ ఎర్రచుక్క వచ్చిందో! పిట్ట ముక్కుతో దిద్దిన బొమ్మ సీతాకోకచిలక రెక్క.

పిట్టలనూ సీతాకోకచిలకలనూ నేను విడిగా చూడలేకపోవడానికి కారణం ఇదొక్కటే కాదు. గూట్లో నోళ్ళు తెరిచిన పిల్లలకు తల్లి తెచ్చేది ఏమిటో గమనించండి. చాలావరకు గొంగళిపురుగు. గింజలు తినే పిచ్చుక కూడా పిల్లలకు పురుగులే పెడుతుంది. వేసవిలో గూడు కడితే, తొలకరికి చిగురు వేసిన ఆకుల మీద గొంగళ్ళు పుట్టేసరికి పిల్లలు ఆకలి మీద ఉంటాయి. ఆ లెక్క పిట్టలకు ఎవరూ నేర్పలేదు, ఎప్పుడూ తప్పలేదు. కొరికిన ఆకు లేని అడవిలో పాట ఉండదు. మన పెరట్లో కరివేపాకు మొక్క మీద పిట్టరెట్టలా కనబడే చిన్న పురుగు, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారి, ముట్టుకుంటే తల మీంచి ఎర్రటి కొమ్ములు బయటికి తీసేది, ఈ మార్మన్ బిడ్డే. దానికి మందు కొట్టేవాళ్ళను బతిమాలుకుంటాను. నాలుగు రెబ్బలు దానికి వదిలేయండి. పప్పులోకి మిగతాది సరిపోతుంది.

జలపాతం కింద మాత్రం కాళ్ళు బరువెక్కాయి. బండల సందుల్లో షాంపూ పొట్లాలు, పగిలిన సీసాలు, చిప్స్ కవర్లు. స్నానానికి వచ్చినవాళ్ళు వదిలిన నురగ మడుగు అంచున తేలుతోంది. ఆ మడుగు నుంచే కదా కింది ఇసకకు తడి అందేది, ఆ ఇసక నుంచే కదా ఇందాకటి జీవులు ఉప్పు తోడుకునేది. సంచి నిండేదాకా ఏరాను. ఏరినకొద్దీ బండల అడుగున ఇంకా ఉంది. ఇద్దరు కాలేజీ పిల్లలు చూస్తూ నిలబడి, తరవాత ఏమీ అడగకుండానే వంగి ఏరడం మొదలుపెట్టారు. "అన్నా, ఇది కూడా" అంటూ ఒకడు నీళ్ళలో మునిగిన కవరు లాగి తెచ్చాడు. వాళ్ళను తీసుకుపోయి దూరం నుంచే ఆ పంక్తి చూపించాను. ఫోను జేబులోంచి తీయకుండా చాలాసేపు చూశారు.

పది దాటాక పిట్టలు సద్దుమణుగుతాయి. ఎండ నడినెత్తికి చేరుతుంది. అప్పుడు తల పైకెత్తాలి. కొండ అంచు మీదుగా, చెట్ల కొసలకు కాస్త పైన, ఒకటి వెనక ఒకటి, నల్లటి రెక్కల మీద నీలపు గీతలు. బ్లూ టైగర్ సీతాకోకచిలకలు. మధ్యలో గోధుమరంగు క్రో సీతాకోకచిలకలు. ఒక్కటీ వాలదు, ఒక్కటీ వెనక్కి తిరగదు. అన్నీ పడమర నుంచి తూర్పుకే. 1880లో మూర్ అనే శాస్త్రవేత్త బ్లూ టైగర్ల ప్రజాతికి పెట్టిన పేరు తిరుమల. ఆ పేరు మోసుకుని అవి ఈ కొండల మీదుగానే పోతుంటే చూస్తూ నిలబడ్డాను.

రండి తల్లీ, రండి. పడమటి కనుమల్లో నైరుతి వాన కుండపోతగా దిగకముందే బయల్దేరారు. మంచి పని చేశారు. అక్కడ మీ రెక్కలు నానిపోయేవి. మా వైపు నైరుతి జల్లులు పలచన, మీ బిడ్డలు పెరగడానికి అంత తడి చాలు. కంచెల మీద పాలుకారే తీగలు ఉన్నాయి, చూసుకుని గుడ్లు పెట్టుకోండి. వాన పడితే గిలిగిచ్చ మొలుస్తుంది, మీ మగవాళ్ళు జత కోసం ఒంటికి పట్టించుకునే వాసనకు సరుకు అందులోనే ఉంది. ఏటి ఇసకలో చెమ్మ ఇంకా మిగిలే ఉంది, ముంగారు వాన ఈలోగా రాకపోదు. అక్టోబరు, నవంబరుల్లో మీ సంతానం పడమటికి మళ్ళేటప్పుడు మళ్ళీ ఈ దారినే రమ్మనండి. ఒక్కటే మాట, భాకరాపేట ఘాటు దగ్గర మాత్రం కాస్త పైగా ఎగరండి, మలుపుల్లో బస్సులు జోరుగా వస్తుంటాయి.